ప్రభుత్వ నైతికతా శిక్షణ (అమెరికా)

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో శాసనకర్తలు, ప్రభుత్వోద్యోగులు తమ పదవులకు వర్తించే నైతిక నియమాలను తెలుసుకొనుటకు తప్పనిసరిగా పొందవలసిన శిక్షణను ప్రభుత్వ నైతికతా శిక్షణ అంటారు. కానుకలు, స్వప్రయోజనాలు, పదవీ విరమణానంతర ఉద్యోగాలు, ప్రభుత్వ వనరుల వినియోగం మొదలైనవి ఇందులోని ముఖ్యాంశాలు. కేంద్ర ప్రభుత్వంలోనూ, అనేక రాష్ట్రాలలోనూ ఈ శిక్షణ అమలులో ఉన్నది.

నేపథ్యం

1972లో బయటపడిన వాటర్‌గేట్ కుంభకోణం కారణంగా 1974 ఆగస్టులో అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ రాజీనామా చేశాడు. దీనితో ప్రభుత్వంపై ప్రజలకు నమ్మకం బాగా సన్నగిల్లింది. ఆ నమ్మకాన్ని తిరిగి నెలకొల్పే ప్రయత్నాలలో భాగంగా 1978లో ప్రభుత్వ నైతికతా చట్టం వచ్చింది. ఉన్నత పదవులలోని వారు తమ ఆస్తి, ఆదాయ వివరాలను బహిరంగంగా ప్రకటించాలని ఈ చట్టం నిర్దేశించింది. ప్రభుత్వ నైతికతా కార్యాలయం కూడా దీని ద్వారానే ఏర్పడింది.

1989 ఏప్రిల్‌లో అధ్యక్షుడు జార్జి హెచ్. డబ్ల్యు. బుష్ 12674వ కార్యనిర్వాహక ఉత్తర్వును జారీ చేశాడు. ఇందులో ఉద్యోగులు పాటించవలసిన 14 సూత్రాలు ఉన్నాయి. ప్రభుత్వోద్యోగం ప్రజలు నమ్మి అప్పగించిన బాధ్యత అన్నది వీటిలో మొదటిది. కొన్ని వర్గాల ఉద్యోగులకు ఏటా నైతిక నియమాలను బోధించాలని కూడా ఈ ఉత్తర్వు ఆదేశించింది. ఈ సూత్రాలను వివరించే ప్రవర్తనా నియమావళి 1993 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చింది.

కేంద్ర ప్రభుత్వోద్యోగులు

2017 జనవరి నుండి అమలైన నిబంధనల ప్రకారం, కొత్తగా చేరిన ఉద్యోగి మూడు నెలలలోపు ప్రాథమిక శిక్షణ పొందాలి. ఆర్థిక వివరాలను సమర్పించవలసిన ఉద్యోగులు ఏటా ఒక గంట శిక్షణ పొందాలి. ఈ కార్యక్రమాన్ని నిర్వహించడానికి ప్రతి సంస్థలోనూ ఒక నైతికతాధికారి ఉంటాడు.

శిక్షణలో బోధించే కొన్ని నియమాలు:
* తాను కోరకుండా వచ్చిన కానుక విలువ 20 డాలర్లు మించకపోతే ఉద్యోగి దానిని స్వీకరించవచ్చు. అయితే ఒకే దాత నుండి ఏడాది మొత్తం మీద 50 డాలర్లు మించరాదు. నగదు తీసుకొనరాదు.
* తనకు గాని, తన భార్యకు లేదా భర్తకు గాని, మైనరు పిల్లలకు గాని ఆర్థిక ప్రయోజనం ఉన్న వ్యవహారంలో ఉద్యోగి పాల్గొనరాదు. ఈ నియమాన్ని ఉల్లంఘించడం నేరం.

శాసనకర్తలు

జాక్ అబ్రమాఫ్ అనే పైరవీకారుడు 2006 జనవరిలో నేరం అంగీకరించిన తరువాత కాంగ్రెసుపై ఒత్తిడి పెరిగింది. 2007లో ప్రతినిధుల సభ తన నియమాలను సవరించి ఉద్యోగులకు వార్షిక శిక్షణను తప్పనిసరి చేసింది. అదే సంవత్సరం వచ్చిన చట్టం ప్రకారం సెనేటుకు కొత్తగా ఎన్నికైన సభ్యులు, కొత్తగా చేరిన ఉద్యోగులు 60 రోజులలోపు శిక్షణ పొందాలి.

ప్రతినిధుల సభలో సభ్యులకు మాత్రం ఈ నిర్బంధం 2015 జనవరి వరకు రాలేదు. అప్పటి సవరణ కూడా కొత్త సభ్యులకే 60 రోజుల గడువు విధించింది. ఓటు వేసే సభ్యునికన్నా అతని కార్యాలయంలోని చిన్న ఉద్యోగికి ముందుగా నిర్బంధం రావడం గమనించదగిన విషయం.

ఇల్లినాయ్ రాష్ట్రం

1994లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక ట్రక్కు నుండి ఊడిపడిన భాగం కారణంగా ఒక కుటుంబం ప్రయాణిస్తున్న వాహనం మంటలలో చిక్కుకొని, ఆరుగురు పిల్లలు మరణించారు. ఆ ట్రక్కు డ్రైవరుకు ఇల్లినాయ్‌లో లంచం ద్వారా లైసెన్సు లభించినట్లు తరువాత బయటపడింది. అప్పట్లో లైసెన్సుల శాఖ జార్జి రయాన్ అధీనంలో ఉండేది. తరువాత గవర్నరు అయిన రయాన్ 2006లో అవినీతి కేసులో దోషిగా తేలాడు.

ఈ పరిణామాల నేపథ్యంలో 2003లో ఆ రాష్ట్రం కొత్త నైతికతా చట్టాన్ని చేసింది. దీని ప్రకారం శాసనసభ్యులతో సహా రాష్ట్ర ప్రభుత్వంలోని వారందరూ ఏటా శిక్షణ పొందాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల అధ్యాపకులు కూడా ఇందులోకి వస్తారు. 2006లో కంప్యూటరు ద్వారా ఇచ్చిన శిక్షణను అతి త్వరగా ముగించిన కొందరిని నియమం పాటించనివారిగా పరిగణించడంతో అధ్యాపకులలో కొందరు తీవ్ర అభ్యంతరం తెలిపారు.

విమర్శ

చట్టం వచ్చినప్పుడు గవర్నరుగా ఉన్న రాడ్ బ్లాగోయెవిచ్‌ను 2009 జనవరిలో పదవి నుండి తొలగించారు. 2011లో అతనికి 14 సంవత్సరాల జైలు శిక్ష పడింది. 2020లో అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఆ శిక్షను తగ్గించగా అతడు విడుదలయ్యాడు. 2025లో క్షమాభిక్ష లభించింది. అదే 2003లో రాష్ట్ర ప్రతినిధుల సభకు స్పీకరుగా ఉన్న మైకేల్ మాడిగన్‌కు 2025 జూన్‌లో అవినీతి నేరాలపై ఏడున్నర సంవత్సరాల శిక్ష పడింది. నియమాలు తెలియక ఎవరూ లంచం తీసుకోరని, అందువలన శిక్షణ వృథా అని విమర్శకులు అంటారు.

సమర్థకుల వాదన వేరు. తెలిసి చేసే పెద్ద నేరాలను శిక్షణ ఆపలేకపోవచ్చు. అయితే కానుక తీసుకోవచ్చునా, బంధువు దరఖాస్తును తానే పరిశీలించవచ్చునా వంటి నిత్య సందేహాలలో సామాన్య ఉద్యోగికి అది దారి చూపుతుంది. పైగా శిక్షణ పొందినవాడు నియమం తెలియదని తప్పించుకొనలేడు.

భారతదేశంలో

భారతదేశంలో కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉన్నది. రాజ్యసభలో 1997లో, లోక్‌సభలో 2000లో నైతికతా సంఘాలు ఏర్పడ్డాయి. ప్రశ్నలు అడగడానికి డబ్బు తీసుకున్నారన్న ఆరోపణపై 2005 డిసెంబరులో 11 మంది పార్లమెంటు సభ్యులను బహిష్కరించారు. వీరప్ప మొయిలీ అధ్యక్షతన పనిచేసిన రెండవ పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో పాలనలో నైతికతపై నివేదిక ఇచ్చింది. లోక్‌సత్తా వ్యవస్థాపకుడు జయప్రకాశ్ నారాయణ్ ఈ సంఘంలో సభ్యునిగా ఉండెను. 2013 నుండి సివిల్ సర్వీసుల ప్రధాన పరీక్షలో నైతికతపై 250 మార్కుల పత్రం ఉన్నది.

ఇవి కూడా చూడండి
* వాటర్‌గేట్ కుంభకోణం
* కేంద్ర విజిలెన్స్ కమిషన్
* లోక్‌పాల్
* సమాచార హక్కు చట్టం