పేరు, బడి, సంఘం: ఏలూరు సీమలో క్రైస్తవ బాలబోధ

చింతలపూడి మెట్ట గ్రామాలు, తాడేపల్లిగూడెం పరిసరాల పల్లపు ఊళ్లు, కొల్లేటి ఒడ్డు పల్లెలు కలిసిన ఏలూరు సీమలో ప్రొటెస్టంటు క్రైస్తవం పందొమ్మిదో శతాబ్ది మధ్యలో వేళ్లూనుకుంది. దాని చరిత్రను మిషనరీల రాకతోనూ సామూహిక బాప్తిస్మాలతోనూ చెప్పడం పరిపాటి. అయితే ఒక తరం స్వీకరించిన మతం తర్వాతి తరాల్లో నిలవడానికి ఆధారమైనది మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో పిల్లలకు సాగిన బోధ. పుట్టుకను బట్టి ఊరు నిర్ణయించిన స్థానమే మనిషికి కడపటి స్థానం కాదనీ, విశ్వాసం వల్ల ప్రతి బిడ్డకూ దేవుని సంతానమనే మరో గుర్తింపు దక్కుతుందనీ చెప్పడమే ఆ బోధకు సారం.

గోదావరి మండలంలో ప్రొటెస్టంటు ప్రచారం 1836లో ఇండియా వచ్చి నరసాపురంలో స్థిరపడిన విలియం బౌడెన్, జార్జి బీర్‌లతో మొదలైంది. 1841లో చర్చి మిషనరీ సొసైటీ, అంటే సీఎంఎస్ అని పిలిచే ఆంగ్లికన్ ప్రచార సంస్థ, హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్‌లను మచిలీపట్నం పంపింది. నోబుల్ 1843లో ప్రారంభించిన పాఠశాల అగ్రవర్ణాల పిల్లల కోసం ఉద్దేశించినది. అక్కడ చదివిన ఇద్దరు విద్యార్థులు 1852లో బాప్తిస్మం పొందగానే తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పించడంతో బడి దాదాపు ఖాళీ అయింది. అగ్రకులంలో పుట్టిన బాలుడికి కొత్త గుర్తింపు అంటే ఇల్లు, ఆస్తి, బంధువర్గం ఒక్కసారిగా వదులుకోవడమేనని ఆ ఘటన రుజువు చేసింది. 1854లో ఏలూరు కూడా సీఎంఎస్ కేంద్రమైంది. 1859లో బెజవాడ ప్రాంతపు రాఘవాపురానికి చెందిన మాల పెద్ద పగోలు వెంకయ్య మిషనరీ డార్లింగ్‌ను కలుసుకున్న తర్వాత పరిస్థితి మారింది: అప్పటిదాకా ఒక్కొక్క వ్యక్తి చేరుతున్న మతంలోకి ఇకపై కుటుంబాలకు కుటుంబాలు, పల్లెలకు పల్లెలు రావడం మొదలైంది. ఇలా వచ్చిన పిల్లలు ఇల్లూ వాకిలీ వదులుకోనక్కర లేదు, కానీ వారికి చదువు చెప్పే నాథుడు అంతకు ముందు లేడు.

ఆ లోటు పూరించినవాడు ఉపదేశి. పాదిరి కంటే దిగువ హోదాలో, కొద్దిపాటి జీతం మీద, ఒకటి రెండు పల్లెల బాధ్యత మోస్తూ బడిపంతులుగానూ ప్రార్థన నడిపేవాడిగానూ పనిచేసిన వ్యక్తిని ఆ పేరుతో పిలిచేవారు. తాటాకు పాకే వారం పొడుగునా బడి, ఆదివారం గుడి. ఇసుకలో వేలితో దిద్దిన అక్షరాలు తర్వాత పలక మీదికి ఎక్కేవి. పగలు కామందు పశువులు కాసే పిల్లల కోసం కిరసనాయిలు బుడ్డి వెలుగులో రాత్రి బడి నడిచేది. 1854 నాటి ఉడ్ విద్యా తాఖీదు ప్రైవేటు బడులకు ప్రభుత్వ గ్రాంటు ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టింది కాబట్టి, గ్రాంటు పొందిన మిషన్ బడిలో ఇన్‌స్పెక్టరు అడిగే చదువు, లెక్కలతో పాటు పాదిరి అడిగే బైబిలు కథలు, పది ఆజ్ఞలు కూడా పిల్లలు అప్పజెప్పవలసి వచ్చేది. అక్షరమూ విశ్వాసమూ ఒకే పాకలో, ఒకే మనిషి నోట నేర్చుకున్న ఈ పిల్లలకు క్రైస్తవుడు కావడమంటే చదువరి కావడం అన్న భావన సహజంగా ఏర్పడింది.

ఈ బోధకు ముఖ్య సాధనం ప్రశ్నోత్తరి, అనగా మత సిద్ధాంతాన్ని చిన్న ప్రశ్నలుగా విడగొట్టి, జవాబులను కంఠతా పట్టించే పుస్తకం. ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథంలోని ప్రశ్నోత్తరి దేవుడెవరని కాక, ఎదుట నిలిచిన బిడ్డ పేరేమిటని అడగడంతో ఆరంభమవుతుంది. ఆ పేరు ఎవరు పెట్టారన్నది రెండో ప్రశ్న. జ్ఞాన తల్లిదండ్రులు, అంటే బాప్తిస్మ సమయంలో బిడ్డ తరఫున ప్రమాణం చేసేవారు, బాప్తిస్మంలో పెట్టారనీ, ఆ సంస్కారంతోనే తాను క్రీస్తు శరీరంలో అవయవంగా, దేవుని బిడ్డగా, పరలోక రాజ్యానికి వారసుడిగా అయ్యాననీ బిడ్డ జవాబు చెప్పాలి. ఇంగ్లండు పిల్లలకు ఇది మామూలు పాఠం కావచ్చు. పల్లెలో పుట్టిన బిడ్డను ఎంత పెద్దయినా ఊరివాళ్లు "ఒరే సుబ్బిగా" అనీ "ఒసే పోలీ" అనీ పిలిచే చోట, పొలంలో వారసత్వమన్నదే ఎరగని కుటుంబంలో, బిడ్డను పదిమంది ముందు నిలబెట్టి వారసుడినని చెప్పించడం ఆ ఊరి కట్టుబాటుకే ఎదురు నిలవడం. బాప్తిస్మ రిజిస్టర్లలోకి యాకోబు, యోహాను, రూతమ్మ వంటి బైబిలు పేర్లతో పాటు కృపావరం, దేవదానం, జీవరత్నం, కరుణమ్మ, సంతోషమ్మ వంటి పేర్లు చేరాయి. ఇంటిపేరు మాత్రం మారలేదు. వంశమూ వియ్యపు సంబంధాలూ దానితోనే ముడిపడి ఉన్నాయి.

తాడేపల్లిగూడెం వైపు లూథరన్ మిషన్ పద్ధతి కొంత వేరు. మార్టిన్ లూథర్ చిన్న ప్రశ్నోత్తరి పది ఆజ్ఞలతో మొదలై విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, ప్రభు భోజనం వైపు సాగుతుంది. దానిని బెంజమిన్ షుల్జ్ తెలుగులోకి తెచ్చి జర్మనీలోని హాలేలో 1746లో అచ్చు వేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాల్లో అదొకటి. గుంటూరు, రాజమండ్రి లూథరన్ మిషన్ల సంఘాలు 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా ఏర్పడిన తర్వాత కూడా ఆ చిన్న పుస్తకమే పిల్లల బోధకు ఆధారమైంది. చదవలేని ఇళ్లలో ఈ పని కీర్తన చేసింది: పురుషోత్తమ చౌదరి వంటివారు తెలుగు రాగతాళాల్లో కట్టిన కీర్తనలు తల్లుల నోటి నుంచి పిల్లల నోటికి చేరడంతో, పుస్తకం అందని చోటికి సైతం సిద్ధాంతం పాటగా వెళ్లింది.

1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా దోర్నకల్ పీఠం ఎక్కిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఈ బోధను దినచర్య వైపు మళ్లించాడు. తర్వాత కృష్ణా ప్రాంతపు సీఎంఎస్ సంఘాలు కూడా ఆయన అధ్యక్ష మండలంలో చేరాయి. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను వెళ్లగొట్టమని ఆయన పల్లె పల్లెకూ చెప్పేవాడు. కూడికల్లో ప్రతి ఒక్కరి చేతా తలపై చేయి పెట్టించి, తాము బాప్తిస్మం పొందినవారమనీ సువార్త చెప్పడం తమ విధి అనీ పలికించేవాడు. పెద్దల పక్కన నిలబడిన పిల్లలకు గుర్తింపు ఇలా శరీరంతో చేసే క్రియగా అలవడింది. సామూహిక మతమార్పిడిపై 1930 దశకంలో గాంధీజీకీ అజరయ్యకూ తీవ్రమైన విభేదం వచ్చింది. పేదల అజ్ఞానాన్ని, అవసరాన్ని ఆసరా చేసుకుంటున్నారని గాంధీ శంకించగా, తమ మేలు తాము ఎంచుకునే వివేకం పల్లె ప్రజలకూ ఉందన్నది అజరయ్య పక్షం.

బోధ చెప్పినంతా సంఘంలో జరగలేదు. మిషన్లు తమలో తాము ప్రాంతాలు పంచుకోవడం వల్ల పిల్లవాడు ఆంగ్లికనో లూథరనో అన్నది చాలావరకు అతని ఊరు ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి తేలింది. మాలలు ముందుగా చేరిన సంఘంలోకి మాదిగలు రావడానికి, మాదిగలు ముందున్న చోటికి మాలలు రావడానికి వెనుకాడారు. ఒకే బల్ల వద్ద ప్రభు భోజనం తీసుకున్న కుటుంబాలు కూడా పెళ్లి సంబంధం మాత్రం కులంలోనే చూసుకున్నాయి. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, గుంటూరు లూథరన్ శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన కవి గుర్రం జాషువా 1941లో "గబ్బిలం" రాసేనాటికి కూడా, అంటరానివాడి మొర వినిపించడానికి గబ్బిలాన్నే దూతగా ఎంచుకోవలసి వచ్చింది.

సంఘం వెలుపల ఉద్యమమూ రాజ్యమూ ఇచ్చిన గుర్తింపు మరో దారి పట్టింది. 1917లో బెజవాడ సభలో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర అన్న పేరు ముందుకొచ్చి, మతంతో పని లేని ఆత్మగౌరవ నామంగా వ్యాపించింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది వర్తించింది గానీ క్రైస్తవులకు వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డ్ కులాల వారిని వెనుకబడిన తరగతుల్లో బీసీ-సి వర్గంగా చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఫలితంగా, షెడ్యూల్డ్ కులాల హోదా పోకుండా చూసుకోవడానికి, గుడి రిజిస్టరులో ఒక పేరు, బడి రికార్డులో మరొక పేరు ఉన్న పిల్లలు పల్లెల్లో కనిపించడం సాధారణమైంది.

ఆంగ్లికన్లు, మరికొన్ని ప్రొటెస్టంటు శాఖలు కలిసి 1947లో దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడిన తర్వాత, ప్రభుత్వ బడులు పల్లె పల్లెకూ విస్తరించిన కొద్దీ, అక్షరం నేర్పే పని ఉపదేశి చేతి నుంచి క్రమంగా జారిపోయింది. పిల్లల మత బోధ ఆదివారపు బడికి, కంఠత వాక్యాలకు, వేసవి సెలవుల్లో జరిగే వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) తరగతులకు పరిమితమైంది. స్వతంత్ర సంఘాలు పెరగడంతో బోధకులూ పద్ధతులూ మారాయి. నూరేళ్ల కిందటి పిల్లవాడు తాను మారానని నమ్మడానికి ప్రశ్నోత్తరి జవాబు ఒక్కటే ఆధారం కాలేదు. పేరు పెట్టి పిలిచే పంతులు, రాయగలిగిన చేయి, తనను కూర్చోబెట్టుకున్న చాప కూడా ఆ జవాబుకు సాక్ష్యం పలికాయి. ఇప్పటి పిల్లలకు అవన్నీ ప్రభుత్వ బడిలోనే దొరుకుతున్నాయి కాబట్టి, సంఘం వారికి చెప్పే కొత్త గుర్తింపు నిగ్గు తేలేది నాటి బోధ తాకలేకపోయిన చోటే: పెళ్లి సంబంధాల్లో, మాల మాదిగ సంఘాల మధ్య గీతలో.