‘ఎలెక్ట్రిక్ లేడీలాండ్’ : ఒక వాద్యబృందపు తుది ఆల్బము

శిల్పము రాతిపై నిలుచును. పాట పాడినవాని ఊపిరితోనే ముగియును. దానిని కాలగర్భమున కలసిపోకుండ కాపాడునవి రెండు: ఒకటి వంశపరంపర, రెండవది ధ్వనిముద్రణము. మొదటిదానికి మన కిన్వట్ ప్రాంతముననే నిదర్శనము గలదు. 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలో నుండి, రాష్ట్రముల పునర్విభజనలో నాందేడు జిల్లాకు మారిన ఈ సీమలో, గోండుల వంశకథలను ప్రధానులు కిక్రీపై వాయించుచు తరతరములుగా గానము చేసిరి. రెండవదానికి నిదర్శనము వెదకుటకు సముద్రములు దాటి, 1968లో వెలువడిన ‘ఎలెక్ట్రిక్ లేడీలాండ్’ అను ఆల్బమును పరిశీలింపవలసి యున్నది.

జిమి హెండ్రిక్స్ 1942లో అమెరికాలోని సియాటిల్ నగరమున జన్మించిన నల్లజాతి గిటారు విద్వాంసుడు. 1966లో చాస్ చాండ్లర్ ఆతనిని లండనుకు గొనివచ్చెను. అచట నోయెల్ రెడింగ్ బాస్ గిటారుకును, మిచ్ మిచెల్ డ్రమ్ములకును కుదిరిరి. ఈ ముగ్గురి కూటమియే ‘జిమి హెండ్రిక్స్ ఎక్స్‌పీరియన్స్’. వీరి సంగీతమును సైకెడెలిక్ రాక్ అందురు. నాదమును సాగదీసి, టేపును వెనుకకు త్రిప్పి, శబ్దమును ఒక చెవి నుండి మరియొక చెవికి నడిపించి, శ్రోతను స్వప్నావస్థకు గొనిపోవుట దాని పద్ధతి.

ఆ కాలపు పాశ్చాత్య యువకులకు భారతదేశముపై మక్కువ మెండు. 1967 జూన్ 18న మాంటెరే ఉత్సవమున పగటివేళ రవిశంకర్ సితారు మ్రోగెను. ఆ రాత్రియే హెండ్రిక్స్ గిటారు మ్రోగెను. అదే సంవత్సరమున వెలువడిన వీరి రెండవ ఆల్బము అట్టపై, మన యిండ్లలో కానవచ్చు విష్ణు విశ్వరూప చిత్రమును అనుసరించి ఈ ముగ్గురి ముఖములను చిత్రించిరి. హెండ్రిక్స్‌కు మాత్రము ఆ అట్ట నచ్చలేదు.

మూడవదియు తుదిదియు నగు ఆల్బము పని లండనులోని ఒలింపిక్ స్టూడియోలో నాలుగు ట్రాకుల యంత్రముపై ఆరంభమై, న్యూయార్కులోని రికార్డ్ ప్లాంట్‌లో పండ్రెండు ట్రాకుల యంత్రముపై సాగెను. ట్రాకులు పెరిగిన కొలది ఒక్కడే పలు వాద్యములను ఒకదానిపై నొకటి చేర్చుకొనుటకు వీలు కలిగెను. హెండ్రిక్స్ ఒకే పాటను మరల మరల వాయించెడివాడు. స్టూడియో నిండ మిత్రులు గుమిగూడెడివారు. ఈ తీరు సహింపలేక చాండ్లర్ నడుమనే తప్పుకొనెను. రెడింగ్ విసిగి వెలుపలికి పోయిన వేళలలో బాస్ గిటారు సయితము హెండ్రిక్సే వాయించెను. బాబ్ డిలన్ రచించిన ‘ఆల్ ఎలాంగ్ ది వాచ్‌టవర్’ ముద్రణ ఇందుకు సాక్ష్యము. సుమారు పదునైదు నిమిషముల ‘వూడూ చైల్’ పాటలో ఆర్గన్ వాయించినవాడు స్టీవ్ విన్‌వుడ్. బాస్ వాయించినవాడు జాక్ కాసడీ. అట్టపై ముగ్గురి బృందనామమే యున్నను, లోపలి నాదము ఆ బృందము విచ్చిపోవుచున్న వార్తను ముందే చెప్పుచున్నది.

అయినను ఒక విశేషము గలదు. ‘వూడూ చైల్’ ముద్రణ జరిగిన మరునాడు, అనగా 1968 మే 3న, చలనచిత్ర బృందమొకటి వచ్చి యుండగా, ఆ ముగ్గురే కలసి ఆ బాణీనే కుదించి, వేగముగా వాయించిరి. ఆల్బములోని కడపటి పాట అదియే. ఆ విధముగా తుది ఆల్బమునకు తుదిపలుకు మువ్వురిదే యయ్యెను.

1968 అక్టోబరులో రెండు ఎల్.పి. రికార్డులుగా వెలువడిన ఈ ఆల్బము అమెరికాలో ప్రథమస్థానమునకు చేరెను. 1969 జూన్ మాసాంతమున డెన్వరు కచేరీతో బృందము ముగిసెను. 1970 ఆగస్టులో హెండ్రిక్స్ న్యూయార్కులో ‘ఎలెక్ట్రిక్ లేడీ’ పేర స్వంత స్టూడియో తెరచెను. సెప్టెంబరు 18న లండనులో మృతి నొందెను. అప్పటి కాతని వయస్సు 27 ఏండ్లు.

ఇంత సూక్ష్మముగా ఈ చరిత్రను చెప్పగలుగుటకు కారణ మేమి? టేపు నిలిచియుండుట మాత్రమే కాదు. ఏ దినమున, ఏ పాటను, ఎవరు వాయించిరో వ్రాసి యుంచుట. ఆ వ్రాతయే లేనిచో విన్‌వుడ్, కాసడీల పరిశ్రమ హెండ్రిక్స్ పేరున మరుగుపడి యుండెడిది.

మన సీమకు ఇచట పాఠము గలదు. 1940వ దశకమున హైమెన్‌డార్ఫ్ పండితుడు ఆదిలాబాదు గోండులను గూర్చి పరిశోధించి, ప్రధానుల స్థానమును గ్రంథస్థము గావించెను. ప్రధానుల గానమునకు తుది ఆల్బమనునది యుండదు. వినువారు కరవైన నాడు కిక్రీ మూలకు చేరుటయే దాని ముగింపు. ముద్రణయంత్రము నేడు ప్రతివాని చేతిలోను గలదు. దుర్లభమైనది యంత్రము కాదు, శ్రద్ధ. కిక్రీ నాదమును ముద్రించువారు గాయకుని పేరును, గ్రామమును, తిథిని, కథ యొక్క నామమును, ఏ యింటివారి కొరకు పాడినదియు గూడ వ్రాసి యుంచవలెను. నాదము చెవికి మిగులును. పేరు చరిత్రకు మిగులును. రెండును మిగిలిననాడే గాయకునకు న్యాయము జరిగినట్లు.