వాననీటి సాక్ష్యం

ధాన్యపు కోష్ఠాగారం వద్ద మూరెడు వెడల్పు నోరున్న పాత్రను వర్షమానంగా ఉంచాలని కౌటిల్యుని అర్థశాస్త్రం విధించింది. ఏ ప్రాంతంలో ఎన్ని ద్రోణాల వాన పడుతుందో, దానినిబట్టి ఎటువంటి విత్తనాలు చల్లించాలో కూడా ఆ గ్రంథం చెబుతుంది. వాన ఎంత పడిందని అడగడం ఈ దేశపు పాలకులకు అంత పాత అలవాటు. పాత్రలో చేరిన ఆ నీటిలో ఏముందని అడగడం మాత్రం చాలా ఆలస్యంగా మొదలయింది. నింగినుంచి దిగే నీటికి మైల అంటదన్న భావన అందుకు కొంత కారణం కావచ్చు. ఆ భావనను చెదరగొట్టినవి బొగ్గుపొగ కమ్మిన యంత్రయుగపు నగరాలు.

ఇంగ్లండులోని మాంచెస్టర్ అటువంటి నగరం. అక్కడ పనిచేసిన రాబర్ట్ ఏంగస్ స్మిత్ అనే రసాయన శాస్త్రవేత్త నగరపు గాలిని, వానను గూర్చి 1852లో ఒక పత్రం ప్రచురించారు. దూరపు పొలాల్లో పడిన వానలో అమ్మోనియా కార్బనేటు, శివార్లలో అమ్మోనియా సల్ఫేటు, నగరం నడుమ గంధకామ్లం కనిపిస్తున్నాయని ఆయన గుర్తించారు. బట్టల రంగులు వెలిసిపోవడానికి, లోహాలు తుప్పు పట్టడానికి ఈ ఆమ్లమే కారణమని కూడా చెప్పారు. 1863లో బ్రిటిష్ పార్లమెంటు క్షార పరిశ్రమల వాయువులను అదుపుచేసే చట్టం తెచ్చినప్పుడు దాని అమలుకు తొలి ప్రధాన తనిఖీ అధికారిగా ఆయననే నియమించారు. యజమానులను కోర్టుకు ఈడ్చడం కంటె నచ్చజెప్పి మార్చడమే మేలని నమ్మిన అధికారి ఆయన. ఆ మెతకదనాన్ని ఆనాడే తప్పుపట్టినవారున్నారు. 1872లో వెలువడిన 'ఎయిర్ అండ్ రెయిన్' గ్రంథంలో ఆయన 'ఆమ్ల వర్షం' అనే మాటను వాడారు. ఆ మాటను లోకం చాలాకాలం పట్టించుకోలేదు.

స్మిత్ చేతిలో లిట్మస్, తూనిక, ఓపిక ఉన్నాయి. ఆమ్లత్వాన్ని ఒకే అంకెలో చెప్పే కొలబద్ద లేదు. దానిని 1909లో డెన్మార్కు శాస్త్రవేత్త సోరెన్‌సెన్ పి.హెచ్. రూపంలో ఇచ్చారు. ఈ కొలమానంలో ఒక అంకె తగ్గితే ఆమ్లత్వం పదిరెట్లు పెరిగినట్టు. స్వచ్ఛమైన నీటి పి.హెచ్. 7. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని దిగే వాన సహజంగానే 5.6 దాకా వస్తుంది. అంతకు దిగువన ఉన్న వానను ఆమ్ల వర్షంగా పరిగణించడం వాడుక.

స్వీడన్‌లో వాననీటి నమూనాల సేకరణ 1940ల చివర వ్యవసాయం కోసం మొదలయింది. వానతోపాటు పొలానికి ఎంత పోషకం చేరుతున్నదో తెలుసుకోవాలన్నది హాన్స్ ఎగ్నేర్ ఉద్దేశం. 1950లలో ఆ కేంద్రాలు ఐరోపాలోని ఇతర దేశాలకూ విస్తరించాయి. ఎరువు లెక్క కోసం రాసి ఉంచిన ఆ పట్టికలనే 1967లో స్వాంటే ఓడెన్ వేరే కంటితో చదివారు. ఇతర దేశాల పొగలు సరిహద్దులు దాటి వచ్చి స్కాండినేవియా సరస్సులను ఆమ్లమయం చేస్తున్నాయని ఆయన వాదించారు. 1972లో స్టాక్‌హోంలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ మహాసభలో స్వీడన్ ఈ సమస్యను ప్రపంచం ముందుంచింది. పేదరికాన్నీ పర్యావరణాన్నీ కలిపి చూడాలని ఇందిరాగాంధీ ప్రసంగించిన సభ అదే. దూరప్రాంతాలకు వ్యాపించే వాయు కాలుష్యంపై 1979లో జెనీవా ఒడంబడిక కుదిరింది. ఒక దేశం మరొక దేశాన్ని వేలెత్తి చూపగలిగిందంటే దాని వెనుక ఏళ్ళ తరబడి సీసాల్లో పట్టిన వాననీరు ఉంది.

అటువంటి సాక్ష్యం నిలవాలంటే నీటిని పట్టడంలోనే జాగ్రత్త ఉండాలి. గాజు పాత్రలోని ధాతువులు నీటిలోకి దిగే ప్రమాదముంది కనుక పాలిథిన్ పాత్రలు వాడతారు. అయాన్లు తొలగించిన నీటితో వాటిని పదేపదే కడుగుతారు. ఆరుబయట తెరిచి ఉంచిన గరాటులో వానకు ముందే దుమ్ము పడుతుంది. అప్పుడు తెలిసేది వాన స్వభావమో దుమ్ము స్వభావమో చెప్పలేము. అందుకే తొలి చినుకుకు మూత తెరిచి, వాన ఆగగానే మూసుకునే యంత్రాలు వచ్చాయి. పట్టిన నీటిని చల్లని చోట ఉంచి త్వరగా పరీక్షించాలి. ఆలస్యమైతే సూక్ష్మజీవులు అందులోని సేంద్రియ ఆమ్లాలను తినివేస్తాయి, ఆమ్ల వర్షం సీసాలోనే సాధువైపోతుంది. లవణాలు అతి తక్కువగా ఉండే వాననీటిలో పి.హెచ్. మీటరు ఎలక్ట్రోడు నిలకడగా అంకె చూపడానికి కూడా సమయం పడుతుంది. 1975లో అయాన్ క్రొమటోగ్రఫీ వచ్చాక సల్ఫేటు, నైట్రేటు, క్లోరైడులను ఒకే నమూనాలో వేగంగా వేరుచేయడం సాధ్యమైంది. చివరగా ధన అయాన్ల మొత్తం, ఋణ అయాన్ల మొత్తం సరిపోవాలి. ఖజానా లెక్కలో జమాఖర్చులు కలవకపోతే ఎంత అనుమానమో, ఇక్కడా అంతే.

భారతదేశంలో ఈ పనిని వాతావరణ శాఖ చేపట్టింది. ప్రపంచ వాతావరణ సంస్థ పథకంలో భాగంగా 1970లనుంచి శ్రీనగర్, జోధ్‌పూర్, అలహాబాదు, మోహన్‌బారి, నాగ్‌పూర్, పుణె, విశాఖపట్నం, కొడైకెనాల్, మినికాయ్, పోర్ట్‌బ్లెయిర్‌లలో పది కేంద్రాలు ఏర్పడ్డాయి. ద్వీపాల నమూనాల్లో సముద్రపు ఉప్పు వాటా ఎక్కువ. సోడియం పరిమాణాన్నిబట్టి సముద్రం ఇచ్చిన సల్ఫేటును తీసివేస్తేగాని మనిషి చేర్చినది ఎంతో తేలదు.

ఈ దేశపు వాన ఐరోపా వానలా ప్రవర్తించలేదు. పలుచోట్ల పి.హెచ్. 5.6కు పైనే నిలిచింది. కారణం మట్టి. ఎండిన నేలలనుంచి లేచే సున్నపు ధూళి గాలిలోని ఆమ్లాన్ని వాన కురవకముందే చాలావరకు తటస్థం చేస్తుంది. ఆగ్రా ఇందుకు మంచి ఉదాహరణ. తాజ్‌మహల్ పాలరాతిని గంధక వాయువులనుంచి కాపాడవలసిన అవసరాన్ని గూర్చి సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 30న చరిత్రాత్మక తీర్పు ఇచ్చింది; ఆ తీర్పులో ఆమ్ల వర్షం ప్రస్తావన ఉంది. అదే కాలంలో ఆగ్రాలోని దయాల్‌బాగ్ విద్యాసంస్థ పరిశోధకులు పట్టిన వాననీరు మాత్రం క్షార స్వభావాన్నే చూపింది. ఈ రెండింటిలో వైరుధ్యం లేదు. గంధక వాయువు, మసి వాన లేకుండానే పొడిగా రాతిపై వాలగలవు. సీసా నిర్దోషి అన్నంత మాత్రాన గాలి నిర్దోషి కాదు.

అందువల్ల ఇక్కడ ఒక్క పి.హెచ్. అంకెను చూసి తృప్తిపడడం ప్రమాదకరం. ఆమ్లం లేకపోవడం వేరు, ఉన్న ఆమ్లాన్ని దుమ్ము కప్పివేయడం వేరు. పొగగొట్టాల్లో బూడిదను పట్టే యంత్రాలు ఊపిరితిత్తులకు మేలు చేస్తాయి, సందేహం లేదు. కాని బూడిదతోపాటు క్షారమూ పోయి, గంధక వాయువు మిగిలితే తూకం మారుతుంది. ఐరోపాలో, ఉత్తర అమెరికాలో సల్ఫేటు తగ్గినా క్షార ధూళి కూడా తగ్గడంవల్ల ఆశించిన మేలు కొంత చేజారిందని 1994లో ప్రచురితమైన ఒక పరిశీలన చూపింది.

భారత కేంద్రాల పట్టికలు ఇప్పుడు ఆ దిశనే సూచిస్తున్నాయి. 1987 నుంచి 2021 వరకు సేకరించిన నమూనాల విశ్లేషణలో చాలా కేంద్రాల్లో పి.హెచ్. క్రమంగా తగ్గుతున్నట్టు కనిపించింది. థార్ ఎడారి ధూళి అందే జోధ్‌పూర్ వంటి చోట్ల కొంత రక్షణ ఉంది. చమురుశుద్ధి కర్మాగారం, ఎరువుల పరిశ్రమ, ఓడరేవు ఒకేచోట ఉన్న విశాఖపట్నంలో వాన ఆమ్లత్వం వైపు జరుగుతున్నది. బొగ్గు విద్యుత్కేంద్రాల గంధక వాయువుకు 2015 డిసెంబరులో పరిమితులు విధించారు. 2025 జూలైలో వెలువడిన ప్రకటన అత్యధిక కేంద్రాలకు గంధకాన్ని తొలగించే యంత్రాల నిబంధననుంచి మినహాయింపు ఇచ్చింది. భారతీయ బొగ్గులో గంధకం తక్కువ అన్న వాదన ఈ చర్చలో తరచు వినబడుతుంది. అది నిజమే. కాని కాలే బొగ్గు పరిమాణం మాత్రం తక్కువ కాదు. వాన కురిసిన ప్రతిసారీ ఆ పరిమాణపు ఫలితం సల్ఫేటు గడిలో నమోదవుతూనే ఉంటుంది, పక్కన పి.హెచ్. గడిలో అంకె ఎంత సౌమ్యంగా కనిపించినా.