మైనస్ అద్దం నుంచి ఆరుబయటి వెలుతురు దాకా

చత్వారం వచ్చిన పెద్దలకు 13వ శతాబ్దం చివరికే ఇటలీలో కళ్లజోళ్లు దొరికాయి. దూరం ఆనని వాళ్లు మాత్రం మరో నూటయాభై ఏళ్లు ఆగాల్సి వచ్చింది. నడుమ పల్చగా, అంచుల్లో మందంగా ఉండే పుటాకారపు అద్దం 15వ శతాబ్దంలో గాని వాడుకలోకి రాలేదు. 1462లో మిలాన్ ప్రభువు ఫ్రాంచెస్కో స్ఫోర్జా, ఫ్లోరెన్సు నుంచి మూడు డజన్ల జోళ్లు పంపమని రాయిస్తూ దూరపు చూపుకు ఒక డజను, దగ్గరి చూపుకు ఒక డజను విడిగా అడిగాడు. అద్దం ఎందుకు పనిచేస్తోందో అప్పటికి ఎవరికీ తెలియదు. బొమ్మ పడేది రెటీనా మీదనీ, హ్రస్వదృష్టి ఉన్న కంట్లో అది రెటీనాకు ముందే ఏర్పడుతుందనీ యోహానెస్ కెప్లర్ 1604లో తేల్చాడు. ఆయనకూ దూరం సరిగా కనిపించేది కాదు.

కొలతలు 19వ శతాబ్దంలో కుదిరాయి. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే పరికరం తెచ్చాడు, 1862లో స్నెల్లెన్ అక్షరాల చార్టు వచ్చింది, 1873లో క్యూన్యే రెటినోస్కోపీని వివరించాడు. నోరు విప్పి చెప్పలేని పసివాళ్ల పవర్‌ను కూడా కనుపాపలో కదిలే వెలుగును బట్టి లెక్కగట్టే ఈ పద్ధతే నేటికీ పిల్లల పరీక్షకు ఆధారం. అయితే ముందు చుక్కల మందు వెయ్యాలి. దగ్గరి చూపుకు బిగుసుకునే కండరం పిల్లల్లో చాలా చురుకైనది. అది సడలకుండా చూస్తే లేని మైనస్ కనిపిస్తుంది. చుక్కలు వెయ్యకుండా యంత్రం చూపిన అంకెతోనే బడిపిల్లలకు అద్దాలు రాసివ్వడం నా దృష్టిలో అన్యాయం.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఆపేది 1867. బ్రెస్లావ్ వైద్యుడు హెర్మన్ కోన్ 10,060 మంది విద్యార్థుల కళ్లు పరీక్షించాడు. పల్లె బడుల్లో హ్రస్వదృష్టి బహు తక్కువ. పై చదువుల బడుల్లో తరగతి పెరిగేకొద్దీ ఎక్కువ. చాలని వెలుతురునూ, వంగి రాయించే బల్లలనూ ఆయన తప్పుపట్టాడు. తర్వాతి తరాలు వంశపారంపర్యమంటూ ఆ ప్రశ్నను పక్కన పెట్టేశాయి. 1969లో అలాస్కాలోని బారో నుంచి వచ్చిన పరిశీలన దాన్ని మళ్లీ లేపింది. బడికి వెళ్లని పెద్దల్లో దాదాపు లేని జబ్బు, బడికి వెళ్లిన ఆ పెద్దల పిల్లల్లోనే విరివిగా కనిపించింది. ఒక్క తరంలో జన్యువులు మారిపోవు కదా!

2008లో వెలువడిన పోలిక ఇంకా సూటిది. చైనా మూలాలున్న ఆరేడేళ్ల పిల్లల్లో సింగపూర్‌లో 29.1 శాతానికి, సిడ్నీలో 3.3 శాతానికి హ్రస్వదృష్టి ఉంది. సిడ్నీ పిల్లలు వారానికి దాదాపు 14 గంటలు ఆరుబయట గడిపితే, సింగపూర్ పిల్లలు మూడు గంటలే గడిపారు. చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో రోజుకు 40 నిమిషాల ఆరుబయటి తరగతి చేర్చి చూశారు. మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవాళ్లు అక్కడ 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతమని 2015లో తేలింది. మన దగ్గరా తేడా కనిపించింది. 2002లో ప్రచురితమైన సర్వేల ప్రకారం పల్లెటూళ్ల మహబూబ్‌నగర్ పిల్లల్లో 4.1 శాతం, ఢిల్లీ పిల్లల్లో 7.4 శాతం. తెల్లవారుజామున మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే మన రెసిడెన్షియల్ కాలేజీల టైంటేబుల్‌లో ఎండ ఎక్కడుంది?

మందులూ వచ్చాయి. పలుచని అట్రోపిన్ చుక్కలు, కనుగుడ్డు పొడవు పెరగడాన్ని నెమ్మదింపజేసే ప్రత్యేక కటకాలు ఇప్పుడు వాడుతున్నారు. అద్దాలు పెట్టుకుంటే సైటు పెరుగుతుందన్న భయంతో తక్కువ పవర్ ఇప్పించడం మాత్రం మేలు చెయ్యదు. 2002 నాటి మలేసియా పరిశోధనలో అలా ఇచ్చిన పిల్లలకే పవర్ వేగంగా పెరిగింది.

పెద్దల శస్త్రచికిత్సది వేరే దారి. జపాన్‌లో సాటో కార్నియా లోపలి వైపు పెట్టిన గాట్లు ఏళ్ల తర్వాత చాలామంది చూపును మసకబార్చాయి. సోవియట్ రష్యాలో ఫ్యోదొరొవ్ పైనుంచి గాట్లు పెట్టాడు. 1990ల నుంచి లేజర్, లాసిక్ వ్యాపించాయి. ఇవన్నీ కార్నియాను మారుస్తాయే గాని, సాగిన కనుగుడ్డును పొట్టి చెయ్యవు. పెద్ద మైనస్ ఉండి లాసిక్‌తో కళ్లజోడు వదిలించుకున్న వాళ్లకు రెటీనా ఊడే ముప్పు అలాగే ఉంటుంది. చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష క్రమం తప్పకుండా చేయించుకోవాల్సిందే.