ఇంట్లో శరీరపు కొవ్వు కొలత

శరీరపు కొవ్వు శాతం అనగా ఒక వ్యక్తి మొత్తం బరువులో కొవ్వు ఎంత భాగమో తెలిపే సంఖ్య. 70 కిలోల మనిషిలో 14 కిలోల కొవ్వు ఉంటే అతని కొవ్వు శాతం 20. కండరాలు, ఎముకలు, రక్తం, అవయవాలు, నీరు కలిసిన మిగిలిన 56 కిలోలను కొవ్వు రహిత ద్రవ్యరాశి అంటారు. ఇంట్లో ఈ కొలతకు కొలత టేపు, చర్మపు మడత కాలిపర్, విద్యుత్ నిరోధ త్రాసు అనే మూడు సాధనాలు వాడుకలో ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటీ కొవ్వును నేరుగా కొలవదు. టేపు చుట్టుకొలతను, కాలిపర్ మందాన్ని, త్రాసు విద్యుత్ నిరోధాన్ని కొలుస్తాయి. ఆ అంకె నుండి ఒక సూత్రం ద్వారా కొవ్వును అంచనా కడతారు. కావున ఇంట్లో వచ్చే ఫలితాన్ని అంచనాగా మాత్రమే గ్రహించవలెను. ఒకనాటి అంకె కంటే కొన్ని నెలల పాటు ఒకే పద్ధతిలో తీసిన అంకెల పోకడ ఎక్కువ విలువైనది.

కొవ్వు - అవసరం, రకాలు

కొవ్వు పూర్తిగా అనవసరమైన పదార్థం కాదు. శక్తిని నిల్వ చేయడానికి, శరీర ఉష్ణోగ్రతను కాపాడటానికి, హార్మోనుల తయారీకి అది అవసరం. ప్రాణాధారమైన ఈ కనీస కొవ్వు పురుషులలో సుమారు 3 శాతం, స్త్రీలలో సుమారు 12 శాతం ఉంటుంది. గర్భధారణకు, పాలివ్వడానికి తగినట్లుగా స్త్రీ శరీరంలో సహజంగానే కొవ్వు ఎక్కువ. అందువలన స్త్రీ పురుషుల కొవ్వు శాతాలను ఒకే కొలబద్దతో పోల్చరాదు.

ఉన్న చోటును బట్టి కొవ్వు ముఖ్యంగా రెండు రకాలు. చర్మం కింద ఉండే కొవ్వు వేళ్ళతో పట్టుకుంటే మడతగా చేతికి వస్తుంది. పొట్ట లోపల కాలేయం, పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు చేతికి చిక్కదు. మధుమేహం, గుండె జబ్బులతో ఎక్కువ సంబంధం ఉన్నది ఈ రెండవ రకానికే.

బరువు మాత్రమే ఎందుకు చాలదు

కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది శరీర ద్రవ్యరాశి సూచిక. దీనినే వాడుకలో బి.ఎం.ఐ. అంటారు. బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే 19వ శతాబ్దంలో ప్రతిపాదించిన ఈ నిష్పత్తికి 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ ఇప్పటి పేరు పెట్టాడు. జనసమూహాలను పోల్చడానికి ఇది ఉపయోగపడుతుంది. అయితే బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత అనే సంగతి దీనికి తెలియదు.

ఈ లోపం భారతీయుల విషయంలో ముఖ్యమైనది. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్య పరిశోధకులు తమ సొంత కొలతలనే ఉదాహరణగా ప్రచురించారు. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. కానీ ఎక్స్-రే పద్ధతిలో కొలిచినప్పుడు యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం అని తేలింది. చూడటానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు ఎక్కువగా ఉండే ఈ తత్త్వం పుట్టుకలోనే కనిపిస్తుంది. 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పుణె ప్రాంతపు శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువుల సగటు బరువు 3.5 కిలోలు. అంత తక్కువ బరువుతో పుట్టినా పుణె శిశువుల వీపుపై చర్మపు మడత మందం దాదాపు తగ్గలేదు.

ఈ కారణంగా భారతీయుల కోసం 2009లో నిపుణులు వేరు హద్దులు సూచించారు. వాటి ప్రకారం బి.ఎం.ఐ. 23 నుండి అధిక బరువుగా, 25 నుండి స్థూలకాయంగా పరిగణిస్తారు. నడుము చుట్టుకొలతకు పురుషులలో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు హద్దు. భారత వైద్య పరిశోధనా మండలి సహాయంతో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనంలో బి.ఎం.ఐ. ప్రకారం స్థూలకాయులు 28.6 శాతం కాగా, నడుము కొలత ప్రకారం పొట్ట స్థూలకాయం గలవారు 39.5 శాతం. అనగా బరువు చూసి నిశ్చింతగా ఉన్నవారిలో కొందరిని టేపు హెచ్చరిస్తుంది.

చరిత్ర

కొవ్వు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.9 గ్రాములు, కొవ్వు లేని భాగం సాంద్రత సుమారు 1.1 గ్రాములు. కావున శరీర సాంద్రత తెలిస్తే కొవ్వు భాగాన్ని లెక్కించవచ్చును. అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకే 1942లో ఆర్కిమెడిస్ సూత్రం ఆధారంగా మనుషులను నీటిలో ముంచి తూచాడు. ఆయన బృందం పరీక్షించిన 25 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ళలో 17 మంది ఎత్తు, బరువుల పట్టిక ప్రకారం సైన్యానికి పనికిరారు. నిజానికి వారి అధిక బరువు కండదే. తరువాత విలియం సిరి సాంద్రత నుండి కొవ్వు శాతాన్ని రాబట్టే సూత్రాన్ని 1961లో ప్రచురించాడు. 495ను సాంద్రతతో భాగించి 450 తీసివేయడమే ఆ సూత్రం. నేడు ఇంట్లో వాడే కాలిపర్, టేపు లెక్కలు ఎక్కువగా దీనిపైనే ఆధారపడ్డాయి.

గృహ సాధనాలు

కొలత టేపు

దర్జీలు వాడే మెత్తని టేపు ఇందుకు సరిపోతుంది. బట్ట టేపు కాలక్రమంలో సాగుతుంది కాబట్టి ఏడాదికి ఒకసారి స్కేలుతో సరిచూడవలెను. వడ్రంగి వాడే ఉక్కు టేపు ఒంటికి అతుక్కోదు.

నడుమును కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన చోటు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్య భాగం. నిటారుగా నిలబడి, మామూలుగా గాలి వదిలిన తరువాత, టేపు నేలకు సమాంతరంగా ఉండేటట్లు చూసి, చర్మాన్ని నొక్కకుండా చదవవలెను. పొట్టను లోపలికి పీల్చరాదు. పంచె, చీర లేదా ప్యాంటు కట్టుకునే చోటు చాలామందిలో పొట్ట కిందికి జారి ఉంటుంది. కావున ప్యాంటు సైజును నడుము కొలతగా భావించడం పొరపాటు.

అంకెలతో పనిలేని పద్ధతి ఒకటి ఉన్నది. ఎత్తుకు సమానమైన దారాన్ని తీసుకొని సగానికి మడిచి నడుము చుట్టూ చుట్టవలెను. కొనలు కలవకపోతే నడుము ఎత్తులో సగం కంటే ఎక్కువ ఉన్నట్లు. నడుమును ఎత్తులో సగం కంటే తక్కువగా ఉంచుకోవాలని బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్ 2022లో సూచించింది.

కొవ్వు శాతం కావలసినవారు అమెరికా నౌకాదళ పరిశోధకులు హాడ్జ్‌డన్, బెకెట్ 1984లో రూపొందించిన సూత్రాన్ని వాడవచ్చును. కొలతలు సెంటీమీటర్లలో, సంవర్గమానం 10 ఆధారంగా తీసుకోవలెను.

పురుషులకు: 495 ÷ [1.0324 − 0.19077 × లాగ్ (నడుము − మెడ) + 0.15456 × లాగ్ (ఎత్తు)] − 450

స్త్రీలకు: 495 ÷ [1.29579 − 0.35004 × లాగ్ (నడుము + పిరుదులు − మెడ) + 0.22100 × లాగ్ (ఎత్తు)] − 450

ఈ సూత్రానికి పురుషులు బొడ్డు వద్ద, స్త్రీలు నడుము అతి సన్నగా ఉన్న చోట కొలవవలెను. మెడను స్వరపేటికకు కొద్దిగా కింద, పిరుదులను అతి వెడల్పైన చోట కొలుస్తారు. ఉదాహరణకు 170 సెం.మీ. ఎత్తు, 92 సెం.మీ. నడుము, 38 సెం.మీ. మెడ గల పురుషునికి ఫలితం 22.9 శాతం. అదే వ్యక్తి నడుమును పొరపాటున 94గా చదివితే 24.3 శాతం వస్తుంది. రెండు సెంటీమీటర్ల తేడా ఫలితాన్ని ఎంత మారుస్తుందో దీనిని బట్టి తెలుస్తుంది.

చర్మపు మడత కాలిపర్

ఇది చర్మం కింది కొవ్వు మందాన్ని మిల్లీమీటర్లలో చూపే పట్టకారు వంటి పరికరం. పరిశోధనలలో వాడే హార్పెండెన్ వంటి కాలిపర్లు ప్రతి చదరపు మిల్లీమీటరుకు 10 గ్రాముల స్థిరమైన ఒత్తిడి కలిగిస్తాయి. చౌక ప్లాస్టిక్ కాలిపర్లలో ఒత్తిడి నొక్కే చేతిని బట్టి మారుతుంది.

డర్నిన్, వోమర్స్‌లీ 1974లో ప్రచురించిన పద్ధతిలో నాలుగు చోట్ల కొలుస్తారు. అవి దండ ముందు భాగం, దండ వెనుక భాగం, వీపుపై రెక్క ఎముక కింది కొన, తుంటి ఎముక పైభాగం. జాక్సన్, పొల్లాక్ మూడు చోట్లు చాలునని పురుషులకు 1978లో, తరువాత స్త్రీలకు 1980లో సూత్రాలు ఇచ్చారు. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలుతో కండ రాకుండా చర్మాన్ని మాత్రమే పైకి లాగి, వేళ్ళకు ఒక సెంటీమీటరు దూరంలో కాలిపర్ పెట్టి, సుమారు రెండు సెకన్ల తరువాత చదవవలెను. ప్రతి చోటా రెండు మూడు సార్లు కొలిచి సగటు తీయవలెను. వీపు మడతను తానే కొలుచుకోవడం సాధ్యం కాదు కాబట్టి ఇంట్లో ఎప్పుడూ ఒకే వ్యక్తి సహాయం తీసుకోవడం మంచిది. బాగా లావుగా ఉన్నవారిలో మడత సరిగా చేతికి రాదు. పొట్ట లోపలి కొవ్వును ఈ సాధనం చూడలేదు.

విద్యుత్ నిరోధ త్రాసు

చూడటానికి మామూలు బరువు యంత్రంలా ఉండే ఈ త్రాసులు 1990వ దశకంలో జపాన్ నుండి ఇళ్ళలోకి వచ్చాయి. పాదాల కింద ఉన్న లోహపు పలకల ద్వారా మనిషికి తెలియనంత బలహీనమైన ఏకాంతర విద్యుత్తు ఒంటిలోకి పోతుంది. కండలో నీరు, లవణాలు ఎక్కువ కాబట్టి విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది. కొవ్వు దానిని అడ్డుకుంటుంది. ఈ నిరోధానికి వయస్సు, లింగం, ఎత్తు, బరువు జోడించి యంత్రం శాతాన్ని లెక్కిస్తుంది.

ఇక్కడ రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది నీరు. చెమట పట్టి ఒంటిలో నీరు తగ్గితే నిరోధం పెరిగి, లేని కొవ్వు ఉన్నట్లు కనిపిస్తుంది. రెండవది విద్యుత్తు దారి. పాదాల పలకలు మాత్రమే ఉన్న త్రాసులో విద్యుత్తు ప్రధానంగా కాళ్ళ గుండా పోతుంది. పొట్ట, ఛాతీ, చేతులలోని కొవ్వు యంత్రం ఊహించినదే. కాళ్ళు సన్నగా, పొట్ట ముందుకు ఉన్నవారికి ఇది తప్పుడు ధైర్యం ఇవ్వవచ్చును. చేతితో పట్టుకునే పిడి కూడా ఉన్న ఎనిమిది పలకల రకం ఈ విషయంలో మెరుగు.

గుండెలో పేస్‌మేకర్ అమర్చుకున్నవారు ఈ సాధనాన్ని వాడరాదు. గర్భవతులకు కూడా ఇది తగదు.

ప్రయోగశాల పద్ధతులు

ఆసుపత్రులలో రెండు శక్తి స్థాయిల ఎక్స్-రే పద్ధతి, అనగా డెక్సా, ఎక్కువ నమ్మదగినది. సి.టి., ఎం.ఆర్.ఐ. స్కానులు పొట్ట లోపలి కొవ్వును వేరుగా చూపగలవు. వీటితో పోలిస్తే గృహ సాధనాల అంచనా ఒక వ్యక్తి విషయంలో సుమారు 3 నుండి 5 శాతాంశాలు అటూ ఇటూ ఉండవచ్చును.

సాధనం ఎంపిక

* ఆరోగ్య ప్రమాదం తెలుసుకోవడమే ఉద్దేశమైతే టేపు చాలును. ఖర్చు అతి తక్కువ, పొట్ట కొవ్వుకు దగ్గరి సూచిక కూడా ఇదే.
* వ్యాయామం చేస్తూ కండ, కొవ్వుల మార్పు గమనించేవారికి కాలిపర్ ఉపయోగపడుతుంది. దీనికి అభ్యాసం, సహాయకుడు అవసరం.
* ఇంటిల్లిపాదికీ సులభంగా ఉండవలెనంటే విద్యుత్ నిరోధ త్రాసు అనుకూలం. దానితో పాటు టేపు కూడా వాడవలెను.

ఒక సాధనంతో వచ్చిన అంకెను మరొక సాధనపు అంకెతో పోల్చరాదు.

కొలిచే నియమాలు

1. ఉదయం కాలకృత్యాల తరువాత, ఏమీ తినక ముందు కొలవవలెను.
2. వ్యాయామం, స్నానం చేసిన వెంటనే కొలవరాదు.
3. త్రాసును తివాచీపై కాక గట్టి, సమమైన నేలపై ఉంచి, శుభ్రమైన వట్టి పాదాలతో ఎక్కవలెను.
4. బరువును వారానికి ఒకసారి, నడుమును రెండు నుండి నాలుగు వారాలకు ఒకసారి కొలిస్తే చాలును.
5. తేదీతో సహా పుస్తకంలో రాసుకోవలెను.

ఫలితాన్ని అర్థం చేసుకోవడం

కొవ్వు శాతానికి అందరూ అంగీకరించిన ఒకే హద్దు లేదు. భారతీయ అధ్యయనాలలో పురుషులలో 25, స్త్రీలలో 30 శాతం దాటితే అధికంగా పరిగణించడం కనిపిస్తుంది. వయస్సుతో పాటు కండ తగ్గి కొవ్వు పెరగడం సహజం.

శాతం వలన కలిగే ప్రయోజనం ఒక ఉదాహరణతో తెలుస్తుంది. 70 కిలోల వ్యక్తి కొవ్వు 28 శాతమైతే కొవ్వు 19.6 కిలోలు. కొన్ని నెలల తరువాత బరువు 67 కిలోలు, కొవ్వు 26 శాతం అయితే కొవ్వు 17.4 కిలోలు. తగ్గిన 3 కిలోలలో 2.2 కిలోలు కొవ్వు, 0.8 కిలో ఇతర భాగం. అయితే రెండు శాతాంశాల మార్పు సాధనపు పొరపాటు లోపలే ఉంటుంది. నడుము కూడా తగ్గితేనే దానిని నిజమైన మార్పుగా నమ్మవచ్చును.

పరిమితులు, జాగ్రత్తలు

మూత్రపిండాల, గుండె, కాలేయ వ్యాధుల వలన ఒంటికి నీరు పట్టినవారిలో ఈ కొలతలన్నీ తప్పుదారి పట్టిస్తాయి. పెద్దల సూత్రాలు, హద్దులు ఎదిగే పిల్లలకు వర్తించవు. కొవ్వు మితిమీరి తగ్గడం కూడా హానికరమే. స్త్రీలలో ఋతుక్రమం ఆగిపోవచ్చును, ఎముకలు బలహీనపడవచ్చును. రోజూ కొలుచుకుంటూ అంకె కోసం తిండి మానివేయడం ప్రమాదకరం, ముఖ్యంగా కౌమార వయస్కులలో.

నడుము హద్దు దాటినవారు, బరువు మామూలుగానే ఉన్నప్పటికీ, రక్తంలో చక్కెర, రక్తపోటు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోవడం మంచిది. రోగ నిర్ధారణ వైద్యుని పని. గృహ సాధనం చేయగలిగినది సకాలంలో అక్కడికి పంపడమే.

ఇవి కూడా చూడండి

* స్థూలకాయం
* మధుమేహం
* శరీర ద్రవ్యరాశి సూచిక
* జాతీయ పోషకాహార సంస్థ, హైదరాబాదు