ఒకే తీగ, ఇద్దరి పిలుపు

కంప్యూటర్‌లోని పరికరాలు ప్రాసెసర్‌తో పని పడినప్పుడు ఒక తీగ ద్వారా సంకేతం పంపుతాయి. దీన్నే ఇంటరప్ట్ అంటారు. 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి.లో ఈ పిలుపులను ఇంటెల్ 8259 చిప్ అందుకునేది. దానికున్న తీగలు ఎనిమిదే. 1984లో ఎ.టి. మోడల్‌కు రెండో చిప్ చేర్చారు. రెంటినీ కలపడానికే ఒకటి పోగా 15 మిగిలాయి. వాటిలోనూ టైమర్, కీబోర్డు, డిస్కులు ముందే చోటు పట్టుకున్నాయి.

సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ కార్డును 7వ తీగకు అమర్చి అమ్మేవారు. ప్రింటర్ పోర్టుదీ అదే తీగ! డాస్ సాధారణంగా ఇంటరప్ట్ లేకుండానే ప్రింటు చేసేది కనుక ఆటలాడుకునేవారికి ఇబ్బంది తెలియలేదు.

ఇంట్లో పాట రికార్డు చేసుకునేవారికే అసలు చిక్కు. సి.డి. నాణ్యత గల స్టీరియో ధ్వని అంటే సెకనుకు 1,76,400 బైట్లు. బఫర్ నిండినప్పుడల్లా కార్డు పిలుస్తుంది. ఆ పిలుపు అందకపోతే పాటలో 'టప్'మనే చప్పుడు, లేదా రికార్డింగే ఆగిపోవడం. ఐ.ఎస్.ఎ. స్లాట్లలో తీగపై వోల్టేజి పైకి లేచే క్షణాన్నే చిప్ గుర్తించేది. ఒక కార్డు దాన్ని ఎత్తి పట్టుకుని ఉండగా రెండోది ఎత్తినా తేడా కనబడదు. ఇక పెట్టె విప్పి, ఒక్కో కార్డూ తీసి, జంపర్ మార్చి, ఆటోఎగ్జెక్ ఫైలులో కొత్త అంకె రాసి, మళ్లీ పాడి చూసుకోవడమే!

1992లో వచ్చిన పి.సి.ఐ.లో సంకేతం నిలిచి ఉన్నంతసేపూ పిలుపే కాబట్టి తీగను పంచుకోవచ్చు. అయినా గ్రాఫిక్స్ కార్డుతో పంచుకున్న సౌండ్ కార్డు ఒక్కోసారి ఆలస్యమై చిటపటలాడేది. పక్క స్లాట్‌లోకి మారిస్తే తరచు నయమయ్యేది. నేటి పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ పరికరాలు విడిగా తీగ లేకుండా, ఒక నిర్ణీత చిరునామాకు అంకె రాసి పిలుస్తాయి.