పులి ముందు దోస్తీ, పులి వెనక ఢోలు



పోయిన నెల మా చిన్నోడు స్కూల్ ప్రాజెక్ట్ కోసం నా ఫోన్‌లో పాత హైదరాబాద్ ఫోటోలు చూస్తూ ఒక దగ్గర ఆగిపోయాడు. వైస్రాయ్ లార్డ్ కర్జన్, పక్కన ఆయన బేగం మేరీ కర్జన్, వాళ్ళ కాళ్ళ ముందు చచ్చిపడున్న పులి. 1902లో వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గరి షికార్ క్యాంప్‌లో తీసిన ఫోటో. తీసింది మన సికింద్రాబాద్ స్టూడియో యజమాని రాజా దీన్ దయాళ్.

"అబ్బా, నిజాం, ఇంగ్లీషువాళ్ళు దోస్తులా?" అని అడిగాడు.

"షికార్ దోస్తులు రా" అన్నాను.

"మరి పులిని తోలుకొచ్చినవాళ్ళు ఫోటోలో ఎందుకు లేరు?"

నా దగ్గర జవాబు లేదు. కానీ మా దాదీ జాన్ ఎప్పుడో చెప్పిన ఒక మాట గుర్తొచ్చింది. అదేమిటో చివర చెప్తాను. ముందు కొంచెం తారీఖ్ తిరగేద్దాం.

సికింద్రాబాద్ పుట్టుకలోనే పరాయి దేశాల ఫౌజ్ ఉంది. 1798లో నిజాం, అంగ్రేజ్ కంపెనీల మధ్య ముఆహిదా కుదిరింది. హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన కంపెనీ పల్టన్లు గుడారాలు వేశాయి. 1806లో ఆ ఛావనీకి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అప్పట్నుంచి నూట నలభై ఏళ్ళపాటు విలాయత్ నుంచి వచ్చిన కుర్ర అఫ్సర్లకు ఇక్కడ పెరేడ్ అయ్యాక మిగిలే షౌక్‌లు మూడే: పోలో, షికార్, చెరువు గట్టున గాలం. పోలో సంగతికొస్తే, 1896లో బెంగళూరు నుంచి తన రెజిమెంట్ టీమ్‌తో వచ్చి ఇక్కడ కప్పు గెలుచుకుపోయిన వాళ్ళలో విన్‌స్టన్ చర్చిల్ అనే నౌజవాన్ కూడా ఉన్నాడు.

షికార్ సంగతి వేరు. అక్కడ మేజ్‌బాన్ స్వయంగా నిజాం. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ గురి గురించి మన ఇళ్ళల్లో ఇప్పటికీ కిస్సాలు చెప్పుకుంటారు. గాల్లోకి రూపాయి బిళ్ళ ఎగరేస్తే తూటాతో కొట్టేవారని, ముప్పై పులులు కొట్టారు గనకే తీస్ మార్ ఖాన్ అన్నారని. కిస్సాలో ఎంత నిజముందో అల్లాహ్‌కే ఎరుక. ఆయన పక్కా షికారీ అన్నది మాత్రం హకీకత్.

1893 జనవరిలో ఆయన దగ్గరికి ఒక మెహ్మాన్ వచ్చాడు. ఆస్ట్రియా-హంగరీ చక్రవర్తి తమ్ముడి కొడుకు ఆర్చ్‌డ్యూక్ ఫ్రాంజ్ ఫెర్డినాండ్. వయసు ఇరవై తొమ్మిది. నిజాంకి ఇరవై ఆరు. 'కైజరిన్ ఎలిజబెత్' అనే జంగీ జహాజ్ మీద దునియా చుట్టడానికి బయల్దేరిన ఆ షెహజాదాకు తుపాకీ పిచ్చి మామూలుది కాదు. జిందగీ మొత్తంలో తాను కొట్టిన జంతువులూ పక్షులూ ఎన్నో లెక్క రాసి పెట్టుకున్నాడు. ఆ లెక్క 2 లక్షల 70 వేలు దాటింది!

హైదరాబాద్‌లో ఆయనకు దస్తర్‌ఖాన్‌లు పరిచారు, ఏనుగులు కట్టారు. తాండూరు వైపు జంగల్‌లో క్యాంప్ వేశారు. దగ్గరుండి చూసుకున్న వాళ్ళలో అఫ్సర్ జంగ్ ఒకరు. తర్వాత అఫ్సర్-ఉల్-ముల్క్‌గా నిజాం ఫౌజ్‌కు పెద్ద అయింది ఈయనే. షెహజాదా తన సఫర్ గురించి జర్మన్‌లో రాసుకున్న డైరీ 1895-96లో వియన్నాలో రెండు జిల్దులుగా అచ్చయింది. ఇవాళ ప్రాగ్ నగరం దగ్గర కొనోపిష్టె కోటలో ఆయన షికార్ నిషానీలు వేలల్లో గోడలకు వేలాడుతున్నాయి.

ఇద్దరు నౌజవాన్లు. ఒకరి మజ్హబ్ ఒకటి, ఇంకొకరిది ఇంకొకటి. జబాన్ వేరు, ముల్క్ వేరు. కలిపింది తుపాకీ షౌక్. చూడటానికి ఎంత బాగుంది! నేనూ చాలా ఏళ్ళు ఈ కిస్సాను ముషాయిరాల్లో, దావత్‌లలో గర్వంగా చెప్పేవాణ్ణి. మన హైదరాబాద్ మెహ్మాన్ నవాజీ చూడండి, యూరప్ షెహజాదా మన జంగల్‌లో మన ఉప్పు తిన్నాడు అని.

ఇప్పుడు చిన్నోడు చూసిన ఫోటో దగ్గరికి వద్దాం.

1902 మార్చి ఆఖరులో కర్జన్ హైదరాబాద్ వచ్చాడు. వచ్చిన అసలు పని షికార్ కాదు, బేరార్. పత్తి పండే ఆ ఇలాఖాను 1853లోనే ఫౌజ్ ఖర్చుల పేరు చెప్పి అంగ్రేజ్‌లు తమ చేతిలోకి తీసుకున్నారు. దాన్ని వాపస్ ఇప్పించుకోవాలన్నది నిజాం ఖాందాన్ యాభై ఏళ్ళ తమన్నా. సాలార్ జంగ్ జిందగీలో సగం దాని వెనకే తిరిగారు. కర్జన్ నిజాంతో విడిగా కూర్చుని మాట్లాడాడు. బయటికొచ్చేసరికి బేరార్ ఏటా 25 లక్షల రూపాయలకు ఎప్పటికీ లీజుగా పోయింది. నవంబర్‌లో దస్తఖత్‌లు పడ్డాయి. వైస్రాయ్ దంపతులు పులి ముందు నిలబడి ఫోటో దిగింది ఆ వేసవిలోనే.

తర్వాత నిజాంకు జీ.సీ.బీ. అనే పెద్ద ఖితాబ్ ఇచ్చారు. దానికి మన హైదరాబాదీలు 'గేవ్ కర్జన్ బేరార్' అని మతలబ్ చెప్పుకుని నవ్వుకున్నారట. ఆ నవ్వులో ఎంత దర్ద్ ఉందో ఆలోచించండి.

అటు ఆస్ట్రియా షెహజాదా దోస్తీ ఏమైంది? 1914 జూన్ 28న సరయేవోలో ఆయన్ను కాల్చి చంపారు. ఆ తూటాతోనే మొదటి ప్రపంచ యుద్ధం రాజుకుంది. అప్పటికి మహబూబ్ అలీ పాషా ఇంతెకాల్ అయి మూడేళ్ళు. గద్దె మీద ఉస్మాన్ అలీ ఖాన్. ఆస్ట్రియా, జర్మనీల వైపు ఉస్మానీ ఖిలాఫత్ చేరింది. నిజాం ఏమో ముసల్మాన్లంతా అంగ్రేజ్ సర్కార్‌కు వఫాదార్‌గా ఉండాలని ఫర్మానా ఇచ్చారు. మన హైదరాబాద్ లాన్సర్ల గుర్రాలు జహాజ్ ఎక్కి మిస్ర్‌కు, అక్కడి నుంచి ఫలస్తీన్‌కు వెళ్ళాయి. ఆ మోర్చాలో తుర్కుల పక్కన ఆస్ట్రియా తోపులూ ఉన్నాయి. అంటే తాండూరు జంగల్‌లో షెహజాదాకు సలామ్ కొట్టిన రియాసత్ ఫౌజ్, ఇరవై ఐదేళ్ళు తిరిగేసరికి ఆయన ముల్క్ తోపులకు ఎదురుగా నిలబడింది. ఢిల్లీలో తీన్ మూర్తి చౌరస్తాలో నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది. ఈసారి అటు వెళ్ళినప్పుడు పిల్లలకు చూపించండి.

ఇక మా దాదీ జాన్ మాట. ఆమె వాలిద్ నర్సంపేట వైపు ఒక గ్రామంలో పెరిగారు. లాట్‌సాబ్ షికార్ అంటే పటేల్ కబురు పెట్టేవాడు. ఇంటికొక మగమనిషి పోవాల్సిందే. అది హాంకా. వందల మంది అర్ధచంద్రాకారంగా నిలబడి, ఢోళ్ళు, రేకు డబ్బాలు వాయిస్తూ, కేకలు వేస్తూ పులిని మంచె దగ్గరికి తోలాలి. మంచె మీద తుపాకీ ఉంటుంది, కింద ఉన్నోడి చేతిలో కర్ర. గురి తప్పి పులికి గాయమైతే అది మంచె ఎక్కదు, వెనక్కి తిరిగి ఢోలు వాయించే వాడి మీదికే వస్తుంది. ఎర కట్టే దున్న దూడ కూడా ఏ గరీబ్ దొడ్లోదో. సాహెబ్‌లు రహ్మ్ దిల్ అయితే కూలీ ముట్టేది. లేకపోతే వెట్టి. ఆ హాంకాలో మా ముసల్మాన్లున్నారు, మాదిగలున్నారు, కోయలున్నారు, లంబాడీలున్నారు.

ఆయన జ్ఞాపకంగా మా ఇంట్లో ఒక ఇత్తడి తూటా డొల్ల ఉండేది. దాదీ అందులో సుర్మా సలాయి పెట్టుకునేది. చిన్నప్పుడు దాన్ని పట్టుకుని నేను, మా పరదాదా నిజాం దోస్తులతో షికార్‌కు వెళ్ళారు అని గొప్పలు పోతుంటే దాదీ నవ్వి అంది:

"దోస్తీ ఉన్ లోగాఁ కీ థీ బేటా, ఢోల్ హమారా థా."

దోస్తీ వాళ్ళది, ఢోలు మనది. చిన్నోడి సవాల్‌కు జవాబ్ ఇదే.

అలాగని తుపాకీ షౌక్‌లోంచి అసలైన దోస్తీ పుట్టలేదని అనను. ఒక మిసాల్ చెప్తాను. బొంబాయిలో సలీం అలీ అనే యతీం పిల్లవాడు గాలి తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు పసుపుగా ఉంది. అదేం పిట్టో తెలుసుకుందామని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్తే, అక్కడి అంగ్రేజ్ సెక్రటరీ మిలార్డ్ కసురుకోకుండా కూర్చోబెట్టి, పిట్టల బీరువాలన్నీ తెరిచి చూపించాడు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక, 1931లో నిజాం సర్కార్ ఇచ్చిన రఖంతో మన రియాసత్ పరిందాల సర్వే చేశాడు. బీవీ తెహ్మీనాను వెంటబెట్టుకుని జంగల్ జంగల్ తిరిగాడు. ఇంగ్లాండ్‌లో ఉన్న రిటైర్డ్ పోలీస్ అఫ్సర్ హ్యూ విస్లర్ ఆ సర్వేకు నోట్స్ రాసి తోడయ్యాడు. ఇద్దరి పేర్లతో ఆ రిపోర్ట్ 1933-34లో సొసైటీ జర్నల్‌లో వచ్చింది. ఈ దోస్తీలో ఎవరూ ఎవరి ఇలాఖా లాక్కోలేదు. గలతీ ఉంటే ఒకరినొకరు దిద్దుకున్నారు. మిగిలింది ఇల్మ్. అది ఇవాళ్టికీ పనికొస్తోంది.

1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది, పులి షికార్ ఖతమ్ అయింది. నెక్కొండకు దగ్గర్లోనే ఉన్న పాకాల చెరువు చుట్టూ జంగల్ 1952 నుంచే అభయారణ్యం. కాకతీయుల నాటి ఆ చెరువు గట్టు మీదికి మొన్న చిన్నోణ్ణి తీసుకెళ్ళాను. ఒక ముసలాయన గాలం వేసుకుని కూర్చున్నాడు. మావాడు పక్కన చతికిలబడి "తాతా, ఏం పడింది?" అన్నాడు. "ఇంకా ఏం పడలేదు బిడ్డా, కూసో" అని ఆయన కొంచెం జరిగి చోటిచ్చాడు.

చిన్నోడి ప్రాజెక్ట్ అయిపోయింది. ఫోటో అంటించి, కింద కర్జన్ పేరు, మేరీ పేరు, దీన్ దయాళ్ పేరు రాశాడు. నాలుగో లైనులో తనంతట తనే, "ఢోలు: మా దాదీ వాళ్ళ అబ్బా, ఇంకా ఊరంతా" అని రాశాడు.

మీ ఇళ్ళల్లో కూడా అలాంటి తూటా డొల్లో, జింక కొమ్మో, పాత తస్వీరో ఉండే ఉంటుంది. బుజుర్గులు ఉండగానే అడగండి. తుపాకీ ఎవరిదని అడిగినట్టే, ఢోలు ఎవరిదని కూడా అడగండి.

ఖుదా హాఫిజ్.